వాసన చూసి తినేది కుక్క, చూసి పెట్టాల్సింది మనిషి

కోల్‌కతా నగరానికి తూర్పున, ఉత్తర 24 పరగణాల జిల్లాలో, ఒకప్పుడు పొలాలూ చెరువులూ ఉన్న నేల మీద ప్రణాళిక ప్రకారం కట్టిన పట్టణం న్యూ టౌన్. ఐటీ కార్యాలయాలు, వాటి చుట్టూ ఎత్తైన అపార్ట్‌మెంట్లు. ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తెలుగువారూ ఉన్నారు. ఫ్లాట్లలో లాబ్రడార్లు, బీగిల్‌లు, పగ్‌లు పెరుగుతుంటే, గేటు బయట, టీ కొట్ల దగ్గర వీధి కుక్కలు తిరుగుతుంటాయి. ఈ రెండు రకాల కుక్కలకూ మనుషుల చేతి నుంచి తరచూ అందేది ఒకటుంది: చిరుతిండి. పెంపుడు కుక్కకైతే దుకాణంలో కొన్న చికెన్ జర్కీ, లివర్ బిస్కెట్. వీధి కుక్కకైతే ఆదివారం వండిన మాంసం కూరలో మిగిలిన ఎముకలు.

ఏది పెట్టినా కుక్క తోక ఊపుతూ తినేస్తుంది. అందుకే అది ఇష్టంగా తిన్నదంటే మంచిదే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో తెలియాలంటే, కుక్క ఆహారాన్ని ఎలా ఎంచుకుంటుందో ముందు అర్థం చేసుకోవాలి. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన శాస్త్రవేత్తలు న్యూ టౌన్‌కు దూరంగా ఏమీ లేరు.

కుక్క పాటించే సూత్రం

కోల్‌కతాకు ఉత్తరాన, నదియా జిల్లా మోహన్‌పూర్‌లో భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ (ఐసర్) ఉంది. అక్కడ ప్రొఫెసర్ అనిందితా భద్ర బృందం చాలా ఏళ్లుగా భారతీయ వీధి కుక్కల ప్రవర్తనను పరిశీలిస్తోంది. ప్రయోగశాల బోనుల్లో కాకుండా, కుక్కలు బతికే వీధుల్లోనే ఈ ప్రయోగాలు జరుగుతాయి.

మన వీధి కుక్కకు దొరికేది ఎక్కువగా అన్నం, రొట్టె, బిస్కెట్ వంటి పిండి పదార్థమే. మాంసం అరుదు. అలాంటప్పుడు దొరికింది దొరికినట్టు తినడమే దానికి లాభం అనిపిస్తుంది. అయితే రకరకాల ఆహారాలను ముందు పెట్టి చూసినప్పుడు కుక్కలు ఒక సరళమైన సూత్రాన్ని పాటిస్తున్నట్టు ఈ బృందం గుర్తించింది: మాంసం వాసన వస్తే తినేయడం. పిండి పదార్థాలు నిండిన చెత్తలోంచి అరుదైన మాంసకృత్తులను ఏరుకోవడానికి ఈ సూత్రం బాగా పనికొస్తుంది. చెత్తకుప్ప దగ్గర పోటీ ఎక్కువ, సమయం తక్కువ. అక్కడ నిలబడి పోషక విలువలు బేరీజు వేసే అవకాశం ఏ కుక్కకూ ఉండదు.

ఇదే బృందం 2014లో ప్రచురించిన మరో అధ్యయనం ఇంకో ఆసక్తికరమైన విషయం చెప్పింది. మాంసం పట్ల మొగ్గు కుక్కలకు పుట్టుకతో రాదు. చిన్న పిల్లలు పెద్ద కుక్కల్లా మాంసం కోసం ఎంచి తినవు. ఆ మొగ్గు తర్వాత ఏర్పడుతుంది.

ఈ సూత్రంలోనే ఒక లోపం కూడా ఉంది. వాసన అనేది మాంసానికి గుర్తు మాత్రమే. మాంసం లేకపోయినా ఆ వాసన పట్టించవచ్చు. మాంసంతో పాటు హానికరమైనది కలిసినా ఆ వాసన అలాగే ఉంటుంది. కుక్క ముక్కు చాలా శక్తిమంతమైనది. వాసనలను గుర్తించే జన్యువులు పనిచేసే స్థితిలో మనిషికి సుమారు 400 ఉంటే, కుక్కకు సుమారు 800 ఉన్నాయి. కానీ ఆ ముక్కు ఉల్లిపాయను విషంగా, ఉడికిన ఎముకను ప్రమాదంగా గుర్తించదు. వీధిలో బతకడానికి పనికొచ్చిన ఆ అలవాటే, మనిషి పెట్టేదాని మీద ఆధారపడిన చోట కుక్కను ప్రమాదంలో పడేస్తుంది. కాబట్టి ఎంపిక బాధ్యత పెట్టేవారిదే.

కుక్క తోడేలు కాదు

‘సహజ ఆహారం’ పేరుతో వచ్చే ప్రకటనల్లో తరచూ తోడేలు బొమ్మ కనిపిస్తుంది. కుక్క తోడేలు సంతతే కనుక దానికి మాంసం ఒక్కటే చాలన్నది ఆ ప్రకటనల భావం. జన్యు పరిశోధన ఈ మాటను బలపరచడం లేదు. 2013లో ‘నేచర్’ పత్రికలో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ ఆక్సెల్సన్ బృందం కుక్కల, తోడేళ్ల జన్యువులను పోల్చి చూసింది. పిండి పదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేళ్లలో 2 ప్రతులు మాత్రమే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పక్కన, మనిషి తిండి తింటూ గడిపిన వేల ఏళ్లు కుక్క జీర్ణవ్యవస్థను మార్చేశాయి.

పైగా ఎముక లేని మాంసం ఒక్కటే సంపూర్ణ ఆహారం కాదు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎదిగే కుక్కపిల్లకు రోజూ వట్టి మాంసమే పెడితే శరీరం తన ఎముకల్లోని కాల్షియాన్ని వాడుకోవడం మొదలుపెడుతుంది. ఎముకలు బలహీనపడి వంగిపోతాయి, విరుగుతాయి. మాంసం మంచి చిరుతిండి. భోజనం స్థానాన్ని మాత్రం అది తీసుకోకూడదు.

పొట్లం మీద చూడాల్సినవి

దుకాణంలో రంగురంగుల పొట్లాల ముందు నిలబడినప్పుడు ముందువైపు బొమ్మ కంటే వెనకవైపు పదార్థాల జాబితా ముఖ్యం. పదార్థాలను సాధారణంగా బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాస్తారు. మొదట గోధుమ పిండి, మొక్కజొన్న పిండి ఉండి, చివర ఎక్కడో ‘చికెన్ రుచి’ ఉంటే అది మాంసం వాసన పట్టించిన బిస్కెట్టే. వాసన సూత్రాన్ని నమ్ముకున్న కుక్క దాన్ని మాంసంలాగే ఆత్రంగా తింటుంది.

దిగుమతి అయ్యే అమెరికా సరుకు పేర్ల వెనక కొన్ని లెక్కలున్నాయి. అక్కడి పశుఆహార నియంత్రణాధికారుల సంఘం నియమావళి ప్రకారం, పేరులో ‘చికెన్‌తో’ అని ఉంటే చికెన్ 3 శాతం ఉన్నా సరిపోతుంది. ‘చికెన్ ఫ్లేవర్’ అని ఉంటే కనీస శాతమంటూ లేదు, ఆ రుచి తెలిస్తే చాలు. ఏ మాటా కలపకుండా నేరుగా ‘చికెన్’ అని పేరు పెట్టాలంటే మాత్రం, కలిపిన నీటిని మినహాయించి, 95 శాతం చికెన్ ఉండాలి. ఒక్క మాట తేడాతో 3 శాతం 95 శాతం అవుతుంది.

మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 మనుషుల ఆహారానికి సంబంధించినది. పశువుల మేతను ‘ఆహారం’ నిర్వచనం నుంచి ఆ చట్టం మినహాయించింది. అందువల్ల మనం తినే బిస్కెట్ మీద ఉండే భరోసా కుక్క బిస్కెట్ మీదా ఉంటుందని అనుకోకూడదు. కొనేటప్పుడు ఈ కింది విషయాలు చూడడం మంచిది:

• పదార్థాలు ఒకటి రెండుకు మించకపోవడం. ‘కోడి మాంసం’ లేదా ‘మేక కార్జం’ అని జంతువు పేరు, భాగం పేరు స్పష్టంగా ఉండాలి. ‘మాంసం, జంతు ఉత్పత్తులు’ అంటే ఏమిటో తెలియదు.
• ఉప్పు, చక్కెర, ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి లేకపోవడం.
• తీపి కోసం జైలిటాల్ కలపకపోవడం. మనుషులు వాడే ఈ తీపి పదార్థం కుక్కల రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.
• తయారీదారు చిరునామా, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ముద్రించి ఉండడం. సంచిలోంచి తీసి తూకం వేసి అమ్మే సరుకు విషయంలో ఇవేవీ తెలియవు.

‘సహజం’ అన్న మాట హామీ కాదు

పదార్థాల జాబితాలో ఒక్క మాంసమే ఉన్నంత మాత్రాన భయం లేదని కూడా చెప్పలేం. 2007 నుంచి అమెరికాలో కుక్కలు జర్కీ తిని జబ్బు పడుతున్నట్టు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ఫిర్యాదులు రావడం మొదలైంది. వాంతులు, విరేచనాలు, కొన్నిటిలో మూత్రపిండాల జబ్బు. 2015 డిసెంబరు చివరికి సుమారు 5,200 ఫిర్యాదులు నమోదయ్యాయి. జబ్బు పడిన కుక్కలు 6,200కు పైగా, చనిపోయినవి 1,140కి పైగా. అనుమానించిన వాటిలో ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చిన చికెన్, బాతు, చిలగడదుంప జర్కీలు. లోహాలు, బూజు విషాలు, సూక్ష్మజీవులు, మందుల అవశేషాలు ఇలా ఎన్నో పరీక్షలు చేసినా, వీటన్నిటికీ కారణం ఇదేనని సంస్థ తేల్చలేకపోయింది.

2019లో అదే దేశంలో మరో సంఘటన జరిగింది. ఎండబెట్టిన పంది చెవులు కుక్కలకు ఇష్టమైన చిరుతిండి. అందులో వేరే పదార్థమేదీ ఉండదు. వాటిని ముట్టుకున్న మనుషుల్లో 150 మందికి పైగా సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకింది. ఎండబెట్టడం వల్ల మాంసంలో నీరు తగ్గి సూక్ష్మజీవులు పెరగడం ఆగుతుంది. కానీ ముందే ఉన్నవన్నీ చావాలంటే తగినంత వేడి తగలాలి. అందుకే పొట్లం విప్పి ఇచ్చినా, ఇంట్లో చేసి ఇచ్చినా తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు ఉంటే ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం.

ఇంట్లో చేసుకునే పద్ధతి

పదార్థమేదో, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేది ఇంట్లో చేసినప్పుడే. దానికి పెద్ద హంగామా ఏమీ అవసరం లేదు. తోలు, ఎముక, కొవ్వు తీసేసిన కోడి మాంసాన్ని ఉప్పు, కారం, పసుపు ఏవీ వేయకుండా నీళ్లలో ఉడికించి, చల్లారాక చిక్కుడు గింజంత ముక్కలుగా తుంచితే చాలు. కందనకాయలు, కార్జం కూడా ఇలాగే ఉడికించి పెట్టవచ్చు. అయితే కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువ. రోజూ పెద్ద మోతాదులో పెడితే ఆ విటమిన్ శరీరంలో పేరుకుపోయి ఎముకలకు, కీళ్లకు హాని చేస్తుంది. వారానికి ఒకటి రెండు సార్లు కొద్దిగా పెడితే సరిపోతుంది. ఉడికించిన ముక్కలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటాయి. అంతకు మించి దాచాలంటే ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఎండబెట్టాలనుకునేవారు కోల్‌కతా గాలిని గుర్తుంచుకోవాలి. వానాకాలంలో గాలి నిండా తేమే. మేడ మీద ఎండలో ఆరేసిన మాంసం ఎండేలోపే పాడవుతుంది, ఈగలు ముసురుతాయి. ఓవెన్ గానీ, ఆహారం ఎండబెట్టే యంత్రం గానీ వాడేటప్పుడు కూడా కోడి మాంసం లోపలి వేడి ముందుగా 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి, ఆ తర్వాతే ఆరబెట్టాలి. మాంసం మొదట తక్కువ వేడిలో ఎండిపోతే, అందులోని బ్యాక్టీరియా తర్వాతి వేడిని తట్టుకునే శక్తి సంపాదించుకుంటుంది. ఇక మన ఇళ్లలో దాచుకునే వట్టి తునకలు, ఉప్పుకండం కుక్కకు పనికిరావు. వాటిలో ఉప్పూ కారమూ ఎక్కువ.

ఎంత పెట్టాలి?

పశువైద్యులు సాధారణంగా చెప్పే హద్దు ఇది: రోజు మొత్తంలో కుక్కకు అందే శక్తిలో చిరుతిళ్ల వాటా 10 శాతానికి మించకూడదు. కుక్క శరీర బరువును (కిలోల్లో) 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే విశ్రాంతిలో అవసరమయ్యే కెలోరీలు వస్తాయి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స అయిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకు దాన్ని 1.6తో గుణిస్తారు. 100 గ్రాముల ఉడికించిన తోలు లేని చికెన్‌లో సుమారు 150 కెలోరీలు ఉంటాయనుకుంటే లెక్క ఇలా వస్తుంది:

• 4 కిలోల కుక్కకు రోజుకు సుమారు 320 కెలోరీలు కావాలి. చికెన్ 20 గ్రాములు దాటకూడదు.
• 10 కిలోల కుక్కకు సుమారు 630 కెలోరీలు. చికెన్ 40 గ్రాములు.
• 25 కిలోల లాబ్రడార్‌కు సుమారు 1,250 కెలోరీలు. చికెన్ 80 గ్రాములు.

ఇది రోజు మొత్తానికి లెక్క. ఇంట్లో నలుగురుండి ఎవరికి వారు పెడితే నలుగురిదీ కలిపే చూడాలి. ఎండిన ముక్కలకు ఈ లెక్క వర్తించదు. పచ్చి కోడి మాంసంలో దాదాపు మూడొంతులు నీరే. నీరు పోయాక 100 గ్రాముల మాంసం 25 నుంచి 30 గ్రాములకు తగ్గుతుంది, కెలోరీలు మాత్రం తగ్గవు. చిన్న జర్కీ ముక్క ఒకటి కంటికి ఆననంత ఉన్నా, దాని వెనక మూడు నాలుగు రెట్ల మాంసం ఉన్నట్టే.

అసలు ప్రతిసారీ తిండే పెట్టనక్కర్లేదు. మోహన్‌పూర్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వీధి కుక్కలకు కొత్త మనుషులు కొన్నిసార్లు తిండి పెట్టారు, కొన్నిసార్లు తల నిమిరారు. ఇది పలుమార్లు జరిగాక, కుక్కలు తిండి పెట్టినవారికంటే నిమిరినవారి పట్ల ఎక్కువ నమ్మకం చూపాయి. ఆకలితో తిరిగే వీధి కుక్కే చేతి స్పర్శకు అంత విలువ ఇస్తే, కడుపు నిండిన పెంపుడు కుక్కకు ఒక నిమురు, ఒక మెచ్చుకోలు మాట చక్కటి బహుమతే.

పెట్టకూడనివి

కూరలో మిగిలిన ముక్కలు. బెంగాలీ ఇళ్లలో కషా మాంగ్షో అయినా, తెలుగు ఇళ్లలో కోడికూర అయినా ఆ గ్రేవీకి చిక్కదనం ఇచ్చేది ఉల్లిపాయే. ఉల్లి, వెల్లుల్లి జాతిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తాయి. కణాలు పగిలిపోయి రక్తహీనత వస్తుంది. కుక్క శరీర బరువులో 0.5 శాతానికి మించి ఉల్లి ఒకేసారి కడుపులోకి వెళితే ప్రమాదమని పశువైద్య శాస్త్రం చెబుతోంది. అంటే 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ విషం పోదు. లక్షణాలు వెంటనే కాక కొన్ని రోజుల తర్వాత కనిపిస్తాయి కనుక కూరకూ జబ్బుకూ ఉన్న సంబంధం చాలామందికి తట్టదు. ముక్కను నీళ్లతో కడిగినా గ్రేవీ పూర్తిగా వదలదు.

ఉడికిన ఎముకలు. వేడి తగిలిన ఎముక పెళుసుబారి, నమిలినప్పుడు మొనదేలిన పుల్లల్లా చీలుతుంది. కోడి ఎముకలు గొంతులో గుచ్చుకోవచ్చు, పేగును చీల్చవచ్చు. పెద్ద ఎముకలు పళ్లను విరగ్గొడతాయి.

కొవ్వు, తోలు, వేపుడు నూనె. ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు తిన్న కుక్కకు క్లోమం వాచే ప్రమాదం ఉంది. పండుగల మర్నాడు వాంతులతో, కడుపునొప్పితో నడుం వంచి నిలబడే కుక్కల్లో ఈ జబ్బును అనుమానించాలి.

పచ్చి మాంసం, పచ్చి అవయవాలు. సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియాతో పాటు ఇక్కడ మరో ప్రమాదం ఉంది. గొర్రెలు, మేకలు, పశువుల కాలేయం, ఊపిరితిత్తుల్లో కొన్నిసార్లు నీటి బుడగల్లాంటి తిత్తులు కనిపిస్తాయి. అవి ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశలు. కోతకొట్టు దగ్గర పారేసిన అలాంటి అవయవాన్ని పచ్చిగా తిన్న కుక్క పేగులో ఆ పురుగు పెద్దదై గుడ్లు పెడుతుంది. కుక్క మలం ద్వారా బయటికొచ్చిన గుడ్లు నీటిలో, కూరగాయల మీద, కుక్క వెంట్రుకల మీద చేరి మనిషి కడుపులోకి వెళితే, కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో హైడాటిడ్ తిత్తులు పెరుగుతాయి. వాటికి తరచూ శస్త్రచికిత్సే శరణ్యం. కుక్క పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. బాగా ఉడికించడం, వైద్యుడు చెప్పిన ప్రకారం క్రమం తప్పక నులిపురుగుల మందు వేయడం ఈ గొలుసును తెంచుతాయి.

గేటు బయటి కుక్కలకు

వీధి కుక్కకు కూడా ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. కూర మిగులు, ఎముకలు వేయడం కంటే ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించిన అన్నంలో కొద్దిగా చికెన్ కలిపి పెట్టడం మేలు. చేతితో అందించకుండా గిన్నెలో పెట్టి పక్కకు జరగాలి. తిన్నాక మిగిలింది తీసేయాలి. లేకపోతే ఎలుకలు, కాకులు చేరతాయి, కుక్కల మధ్య కొట్లాటలు మొదలవుతాయి.

ఎక్కడ పెట్టాలన్నదానికీ నియమాలున్నాయి. జంతు జనన నియంత్రణ నియమాలు 2023 ప్రకారం నివాస సంఘాలు, స్థానిక సంస్థలు కుక్కలకు తిండి పెట్టే చోటును గుర్తించాలి. అది పిల్లల ఆటస్థలాలకు, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా ఉండాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ప్రత్యేకంగా కేటాయించిన చోట్లలోనే తిండి పెట్టాలని, వీధుల్లో పెట్టరాదని ఆదేశించింది. న్యూ టౌన్ లాంటి అపార్ట్‌మెంట్ల పట్టణంలో నివాస సంఘం, కుక్కలకు పెట్టేవారు కలిసి కూర్చుని చోటు, సమయం తేల్చుకుంటే గొడవలు తగ్గుతాయి. రోజూ ఒకే చోటుకు వచ్చే కుక్కలకు రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించడమూ తేలికవుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

కొత్త చిరుతిండిని ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టి, రెండు మూడు రోజులు గమనించాలి. పడకపోతే కారణం ఏదో వెంటనే తెలుస్తుంది. పదే పదే వాంతులు, రక్తంతో విరేచనాలు, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ఎర్రగా లేదా ముదురు గోధుమ రంగులో రావడం, అతిగా నీళ్లు తాగడం, తినకుండా ముడుచుకుని పడుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. వెళ్లేటప్పుడు ఆ చిరుతిండి పొట్లాన్ని వెంట తీసుకెళ్లాలి. బ్యాచ్ సంఖ్య, పదార్థాల జాబితా వైద్యుడి పనిని సులువు చేస్తాయి. గుండె, మూత్రపిండాలు, క్లోమం జబ్బులున్న కుక్కలకైతే ఏ మాంసపు చిరుతిండి మొదలుపెట్టే ముందైనా వైద్యుడి సలహా తప్పనిసరి.

కుక్క ఎంపిక ఒక్క వాసనతో ముగుస్తుంది. ఆ వాసన వెనక ఏ మాంసం, ఎంత మాంసం, దానితో ఇంకేం కలిసిందో చదవగలిగేది, అడగగలిగేది, ఉడికించగలిగేది మనిషే. ఉప్పూ ఉల్లీ ఎముకా లేని నాలుగు ఉడికిన చికెన్ ముక్కలు, రోజు లెక్కలో ఇమిడేంత మాత్రమే పెడితే, కుక్కకు ఇష్టమైనదీ మేలు చేసేదీ ఒక్కటే అవుతాయి.